పోలిక లేనిదే లోపలికి రానివ్వని మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు చనిపోయారు. ఆ కబురు నాకు చెప్పినవాడు మాత్రం ఆ మాట వాడలేదు.

నందిగామలో హైదరాబాదు రోడ్డు పక్కన ఓ లారీ వెనకతలుపు మీద అక్షరాలు రాస్తున్నాను. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బస్సు ఆగింది. కండక్టరు మెట్టు మీద నుంచే కేకేశాడు.

"పెయింటరు గారూ! మీ ఇంగ్లీషు సారు వెళ్ళిపోయారండి."

"ఎక్కడికి?" అన్నాను.

అలా అడగడం నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. ఎవరైనా 'ఫలానా ఆయన వెళ్ళిపోయాడు' అంటే మాస్టారు తాపీగా 'ఎక్కడికయ్యా?' అనేవారు. నేను దాన్ని ఊరంతా తిప్పాను. పరామర్శకి పోయిన చోట కూడా అని, తిట్లు తిన్నాను. ఆ రోజు మాత్రం ఎగతాళికి అడగలేదు. కండక్టరు ఏ చిల్లకల్లో, ఏ బెజవాడో పేరు చెబుతాడేమోనన్న ఆశతో అడిగాను.

"ఎక్కడికేంటండీ మీరు! మొన్న పొద్దున. నిన్న సమాధి కూడా చేసేశారంట. అమ్మగారు మిమ్మల్ని రమ్మన్నారు. సిలువ మీద పేరు రాయాలంట."

"పేటలో పెయింటర్లు లేరా?"

"ఉన్నారని చెప్పారంటండి. కాదు, ఆ నందిగామ అబ్బాయే రాయాలన్నారంట. ఎందుకో నాకేం తెలుసు? రైట్ రైట్!"

బస్సు పోయింది. నా చేతిలో కుంచె నుంచి రంగు కారి లారీ తలుపు మీద పొడుగ్గా ఒక గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఆ లారీ మీద ఉండే ఉంటుంది. డ్రైవరు ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. నేనే రాయాలని ఎందుకన్నారు? ఆవిడకి తెలిసిపోయిందా?

పదమూడేళ్ళుగా ఆ ఇంటి దగ్గర నేను దాచిన విషయం ఒకటుంది. చదివే మీకు అదేమిటో చెప్పాలంటే ముందు మాస్టారి గురించి చెప్పాలి.

డెబ్భైల నడుమ నందిగామలో ఒక ట్యుటోరియల్ ఉండేది. పదోతరగతి పోయినవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి చెప్పే చోటు. పెంకుల పాక, తలుపు లేదు, నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల. దాని యజమానికి ఊళ్ళో బియ్యం మిల్లు కూడా ఉండేది. ఆయన్ని మేం ప్రిన్సిపాల్‌గారు అనేవాళ్ళం. ధాన్యం చేత్తో నలిపి చూసినట్టే మమ్మల్నీ చూసేవాడు.

అందులో మేం తొమ్మిది మందిమి. పిల్లలం కాదు, మీసాలవాళ్ళం. ఇద్దరికి పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. నేను మా బావ సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తూ నాలుగుసార్లు పరీక్ష తప్పినవాణ్ణి. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే బస్సు కండక్టరు ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ ఏడాది దాటితే వయసు మించిపోతుంది. నాకు తప్పేవి రెండు, ఇంగ్లీషు, లెక్కలు. లెక్కల్లో ఆశ ఎటూ లేదు. కాపీ కొడదామన్నా ఏది కాపీ కొట్టాలో తెలియని రకాన్ని.

మాస్టారు రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేవారు. తెల్ల చొక్కా, చంకలో గొడుగు, కుడిచెయ్యి ఎప్పుడూ జేబులో. మొదటిరోజు గుమ్మంలో నిలబడి మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

"ఉట్టి చేతుల్తో రావద్దు. దార్లో కనపడినదాన్ని దేనితోనైనా పోల్చి, ఆ ముక్క నాకు చెప్పి లోపలికి రండి. తెలుగులో చెప్పండి, పర్లేదు. ఇంగ్లీషులోకి నేను తోలతా."

అదీ ఆయన పద్ధతి. పోలికే మా టిక్కెట్టు. గైడు పుస్తకంలో ఉండే సింహమంత ధైర్యం, మంచులాంటి తెలుపు తెస్తే వెనక్కి పంపేసేవారు. "సింహాన్ని ఎక్కడ చూశావు? చందర్లపాడు రోడ్డులోనా? మంచు ఎక్కడ తొక్కావు? పోయి నువ్వు చూసింది తీసుకురా." ఒకడు పాపం మూడుసార్లు రోడ్డు మీదికి పోయి, చివరికి 'గేదె నడిరోడ్డు మీద తాసిల్దారులా పడుకుంది సార్' అని తెచ్చాడు. మాస్టారు పక్కకి జరిగి దారిచ్చారు.

ఆ గేదెతోనే పాఠం మొదలైంది.

"గేదెకీ తాసిల్దారుకీ ఎక్కడ కలిసిందయ్యా?"

"ఎవరొచ్చినా లేవరు సార్."

"చాలు. గేదెకి కొమ్ములున్నాయి, ఆయనకి లేవు. అది పాలిస్తుంది, ఆయన ఇవ్వడు. అవన్నీ వదిలెయ్. రెండు వస్తువులు ఒక్క కీలు దగ్గర కలిస్తే పోలిక తలుపులా ఆడుతుంది. పది చోట్ల మేకులు కొట్టావా, ఇహ తెరుచుకోదు. 'లైక్' అనో 'యాజ్' అనో మధ్యలో తోడు మాట పెడితే సిమిలీ. ఆ మాట పీకేసి, గేదెనే తాసిల్దారని కూర్చోబెడితే మెటఫర్. సిమిలీ చెప్పినవాడు తప్పించుకోవచ్చు, 'నేను అలా ఉందన్నానే గానీ, అదే అన్లేదే' అని. మెటఫర్ చెప్పినవాడికి ఆ దారి లేదు."

అలంకారమంటే నగ అనుకుంటారు, నగ కాదు, పనిముట్టు అనేవారు. నాకు అర్థం కావాలని "మీ షాపులో స్పానరు లాంటిది. వేలితో తిరగని నట్టుని అది తిప్పుతుంది" అన్నారు. ప్రాణం లేనిదానికి మనిషి పని అప్పజెప్తే పర్సానిఫికేషన్. బస్సు మొండికేసింది, లారీ ఏడుస్తూ వంతెన ఎక్కింది అని మనం రోజూ అనే మాటలే. 'ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పా' అంటే హైపర్బోలీ. నేనందులో ఘనుణ్ణి కాబట్టి నన్ను లేపి నిలబెట్టారు.

"అబద్ధానికీ దీనికీ తేడా ఏంటి?"

"తెలీదు సార్. నేను రెండూ ఆడతా."

"వినేవాడు నమ్మితే అబద్ధం. నమ్మడని తెలిసి చెప్తే హైపర్బోలీ. నువ్వు ఏది ఆడుతున్నావో నీ నోరు చెప్పదు, అవతలివాడి మొహం చెప్తుంది."

ఐరనీకి ఉదాహరణ ప్రిన్సిపాల్‌గారే. బస్సు లేటై మాస్టారు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆయన వాచీ చూసుకుని "అబ్బో, పెందలాడే వచ్చారే!" అనేవాడు. మాస్టారు దణ్ణం పెట్టి లోపలికొచ్చి, "విన్నారుగా? మాట ఒక వైపు, మనసు రెండో వైపు. రాసుకోండి" అనేవారు.

రాసుకోండి అనడమే గానీ ఆయన మాత్రం రాసేవారు కాదు. మీకు చెప్పాల్సింది ఇదే. ఆయన సుద్దముక్క ముట్టుకోగా మేమెవరం చూడలేదు. ఆ రోజు మంచి పోలిక తెచ్చినవాడు బోర్డు మీద రాయాలి. అదో గౌరవం అనుకునేవాళ్ళం. గౌరవం కోసం మీసాలవాళ్ళం పోట్లాడుకునేవాళ్ళం కూడా.

నేను పాఠాల మీద కంటే మనుషుల మీద కన్నేసేవాణ్ణి. ఎవడు ఎలా నడుస్తాడు, ఎవడు ముక్కు ఎలా చీదుతాడు, అదే నా చదువు. విరామంలో మాస్టారు ఎదురుగా ఉన్న టీ బడ్డీకి పోయేవారు. "సగం పోయవయ్యా" అనేవారు. రోజూ సగమే. పిసినారితనం అనుకుందామంటే డబ్బులు మాత్రం నిండు గ్లాసుకే ఇచ్చేవారు. ఒకరోజు టీ కుర్రాడు మర్చిపోయి నిండా పోశాడు. మాస్టారు గ్లాసు ఎత్తలేదు. అటూ ఇటూ చూసి, వంగి, గ్లాసు బల్ల మీద ఉండగానే రెండు గుక్కలు తాగి, అప్పుడు రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తారు. అయినా ఒలికింది. చొక్కా మీద మరక పడింది. రుమాలు తీసి తుడుచుకుంటూ ఉంటే కుడిచెయ్యి కనపడింది. అదురుతోంది. చలికి కాదు, భయానికి కాదు. దానిపాటికి అది అదురుతోంది.

మంచివాడైతే చూసి ఊరుకుంటాడు. నేను చూసి, పోలిక కట్టాను.

మర్నాడు అందరికంటే ముందొచ్చి, ఎవరి రాతో తెలియకుండా ఎడమచేత్తో బోర్డు నిండా ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. 'మా మాస్టారి చెయ్యి మైలవరం బస్సు కిటికీలా అదురుతుంది' అని. నా జన్మలో గైడు చూడకుండా రాసిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. రాసి రోడ్డు మీదకి పోయి, ఏమీ ఎరగనట్టు అందరితో కలిసి తిరిగొచ్చాను.

మైలవరం బస్సు సంగతి మీలో ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది. పక్కన కూర్చున్నవాడి మాట వినపడదు, కిటికీ అద్దాల మోతే. అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు లోపలికొచ్చారు. బోర్డు వైపు చూశారు. చాలాసేపు చూశారు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది.

"సిమిలీ," అన్నారు. "లైక్ ఉంది. ఒక్క కీలు, అదీ గట్టిది. గైడులోంచి రాలేదు. ఎవరు రాశారు?"

ఒకడు పెన్సిలు పడేసుకుని బెంచీ కిందకి వంగాడు.

"రాసినవాడు నిజంగానే చూసి రాశాడు. చూసినవాడికి మార్కులిస్తా. చెప్పండి."

నేను కింద నేల మీద చీమలు చూస్తున్నాను. అక్కడితో అయిపోయినా బాగుండేది. గుమ్మంలో ప్రిన్సిపాల్‌గారు ఉన్నారు. మా నవ్వులకి మిల్లు నుంచి ఇటు వస్తూ ఆగి ఉంటాడు. ఆయన బోర్డు చదివాడు, మాస్టారి జేబులోని చేతిని చూశాడు.

"మాస్టారూ, మీరు బోర్డు మీద రాయగా నేనెప్పుడూ చూడలేదండీ."

"పిల్లలచేత రాయిస్తే వాళ్ళకి వస్తుందండి. నా పద్ధతి."

"అబ్బో, మంచి పద్ధతే! రేపు పొద్దున వస్తా. ఓ నాలుగు లైన్లు మీ చేత్తో రాసి చూపిద్దురుగాని. ఫీజులు కట్టేవాళ్ళు అడుగుతున్నారు మరి."

ఆయన వెళ్ళాక మాస్టారు పాఠం చెప్పారు గానీ ఏం చెప్పారో మాలో ఒక్కడికీ గుర్తులేదు. పేటలో ఆయనకి చదువుకునే పిల్లలు ఇద్దరు. అప్పటికే ఒక బడిలో ఇదే కారణానికి ఉద్యోగం పోయిందని మా బెంచీలో ఒకడు చెవిలో చెప్పాడు. "అక్కడ కూడా రాయలేకపోయేసరికి పంపించేశారంట్రా. ఇక్కడా పోతే ఎవడిస్తాడు?"

ఆ పూట సైకిలు ట్యూబుకి పంక్చరు వేసి, ఆ పక్కనే ఇంకో చిల్లు పొడిచాను. మా బావ అన్నాడు, "ఏరా, ఎవరో పోయినట్టున్నావు?" నేను 'ఎక్కడికి' అని అడగలేదు.

వెళ్ళి 'నేనే సార్' అని కాళ్ళు పట్టుకుంటే సరిపోయేది. అల్లరివాడికి ఆ దారి తోచదండీ. ఒక కోతిపనిని ఇంకో కోతిపనితో కప్పడమే తెలుసు. మర్నాడు తెల్లవారగానే నాలుగు కొవ్వొత్తులు కొనుక్కుపోయి, బోర్డు ఈ చివర్నించి ఆ చివరిదాకా మైనం రుద్దాను. పైన గుడ్డతో తుడిచాను. చూడ్డానికి ఏమీ తెలియదు. దాని మీద దేవుడొచ్చి రాసినా సుద్ద పట్టదు.

ప్రిన్సిపాల్‌గారు చెప్పిన వేళకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మాస్టారు సుద్దముక్క తీసుకున్నారు. మొదటిసారి ఆయన చేతిలో సుద్ద చూశాం. బోర్డు మీద పెట్టారు. జారింది. మళ్ళీ పెట్టారు. తెల్లటి గీత కూడా పడలేదు.

"సుద్ద సరిగ్గా లేదేమో సార్!" అని వెనక నుంచి అరిచాను.

"ఇటివ్వండి," అని ప్రిన్సిపాల్‌గారే లేచాడు. రాశాడు. జారింది. గట్టిగా నొక్కాడు, సుద్ద విరిగి ఆయన చెప్పు మీద పడింది. ఇంకోటి తీసుకున్నాడు. అదీ అంతే. "ఈ బోర్డుకేం రోగమొచ్చింది!" అన్నాడు. మాలో ఒకడు గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాడు. గట్టెక్కామనుకున్నాను.

మాస్టారు బోర్డు దగ్గరికి వచ్చి బొటనవేలి గోరుతో గీకారు. మైనం పొర చుట్టలా లేచింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. అందర్నీ ఒకసారి చూసి, నా దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగారు.

"బోర్డుకి రోగం లేదండి," అన్నారు. "రోగం నాకు. చెయ్యి అదురుతుంది. రెండేళ్ళయింది. డాక్టరు తగ్గదన్నాడు. అందుకే వీళ్ళచేత రాయిస్తున్నా."

జేబులోంచి చెయ్యి తీసి ముందుకు చాచారు. గాల్లో ఆ చెయ్యి అదురుతూ ఉంటే నాకు ఏ పోలికా తోచలేదు.

"మరి పద్ధతి, పద్ధతి అన్నారేంటండీ నిన్న?"

"పద్ధతేనండి. అవసరానికి పుట్టింది. కానీ నిన్న మీకు చెప్పినప్పుడు మీరు నమ్మారు. కాబట్టి అది అబద్ధం."

ప్రిన్సిపాల్‌గారు చాలాసేపు చెప్పు మీది సుద్దపొడి దులుపుకున్నాడు. మనిషి దుర్మార్గుడు కాదు, వ్యాపారస్థుడు. చివరికి బేరం పెట్టాడు. మార్చి పరీక్షల్లో తొమ్మిది మందిలో అయిదుగురు ఇంగ్లీషు గట్టెక్కితే ఆయన ఎన్నాళ్ళు చెప్పినా తనకి అభ్యంతరం లేదు. ఒక్కరు తగ్గినా ఇంకొకరిని చూసుకుంటాడు.

ఆయన పోయాక మాస్టారు కుర్చీలో కూర్చుని, "మైనం పూసినాయన లేచి బోర్డు కడుగు" అన్నారు.

"నేను కడుగుతా సార్. పూసింది మాత్రం నేను కాదు."

"వేణ్ణీళ్ళు తెచ్చుకో. చన్నీళ్ళకి పోదు. నీకు తెలిసే ఉంటుందిలే." నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నారు. "ఇవాళ్టి నుంచి రోజూ నువ్వే రాయి. రెండు పూటలా. కుడిచేత్తో."

ఆ చివరి మాటకి గుమ్మంలోనే ఆగిపోయాను. తెలిసిందా, లేక మామూలుగానే అన్నారా? అడగలేను, ఊరుకోలేను.

ఆ రెండున్నర నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. ఆయన చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. అక్షరం వంగితే "నిలబెట్టవయ్యా దాన్ని, తాగినట్టు పడిపోతోంది" అనేవారు. మిగతా ఎనిమిది మందిలో ఎవడికి ఎంత వచ్చిందో రోజూ మనసులో తూకం వేసుకునేవాణ్ణి. వీడు గ్యారంటీ, వాడు గ్యారంటీ, ఇతగాడు చెప్పలేం. ఎలా లెక్కేసినా నాలుగే తేలేవారు. అయిదోవాడు నేనే కావాలి. నాలుగుసార్లు తప్పిన నేను! నా కండక్టరు ఉద్యోగం కోసం ఎన్నడూ అంత చదవలేదు. బావ దుకాణంలో ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ అలంకారాలు అప్పజెప్పుకునేవాణ్ణి. "ఆ బుడగలకి కూడా ఇంగ్లీషు వచ్చేట్టుందిరా" అని బావ ఏడిపించేవాడు. మాస్టారు వినుంటే పర్సానిఫికేషన్ అనేవారు.

యూఫెమిజం చెప్పిన రోజు బాగా గుర్తు. "పామును పురుగంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. వెళ్తున్నా అనం, వెళ్ళొస్తా అంటాం. భయమున్న చోట మాట మీద గుడ్డ కప్పుతాం. గుడ్డ కప్పినంత మాత్రాన లోపలిది పోదు, దాని ఆకారం పైకి తెలుస్తూనే ఉంటుంది. నేను పోయిన రోజున మాత్రం 'వెళ్ళిపోయారు' అనొద్దు. ఎక్కడికని అడిగేవాడొకడు ఇక్కడ తయారయ్యాడు" అని నా వైపు చూశారు.

పరీక్షలో అయిదు వాక్యాలిచ్చి అలంకారాలు చెప్పమన్నారు. అయిదూ రాశాను. అక్షరం వంగకుండా ఒక్కొక్కటీ నిలబెడుతూ రాశాను.

ఫలితాలు పేపర్లో పడ్డ రోజు నందిగామ బస్టాండులో ఒక్క పేపరు మీద ముప్ఫైమంది పడ్డాం. అన్నిట్లో గట్టెక్కినవాళ్ళ నంబర్లే పేపర్లో వేస్తారు. మా తొమ్మిది మందిలో నాలుగు నంబర్లున్నాయి. నాది లేదు. మూడుసార్లు వేలు పెట్టి చూశాను. ఎవడో "ఎన్నిసార్లు చూసినా నంబరు మొలవదన్నా" అన్నాడు.

మాస్టారు మధ్యాహ్నం బస్సు దిగారు. నేను ఎదురుపోలేక బడ్డీ వెనక నిలబడ్డాను. ఆయనే వచ్చారు.

"నాలుగేనంట కదా?"

"నాది లేదు సార్."

"అన్నిట్లో పాసైనవాళ్ళ నంబర్లయ్యా అవి. నువ్వు లెక్కల్లో తప్పావని నాకు పేపరు చూడకుండానే తెలుసు. ఇంగ్లీషు సంగతి పేపరు చెప్పలేదు. మార్కులు వచ్చేదాకా ఆగు."

ఆగడమంటే మాటలా? మార్కుల జాబితా రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ ప్రిన్సిపాల్‌గారు జీతం ఆపి ఉంచాడు. మాస్టారు మాత్రం రోజూ బస్సెక్కి వచ్చి కొత్త బ్యాచికి పోలికలు అడుగుతూనే ఉన్నారు. నేను రాస్తూనే ఉన్నాను. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి మళ్ళీ రాలేదు. పోస్టుమాన్ ఆ వీధిలోకి తిరిగినప్పుడల్లా నా చేతిలో సుద్ద ఆగిపోయేది. ఆయన "ఊఁ, తర్వాత" అనేవారు, బోర్డు వైపు చూడకుండా.

కాగితం వచ్చింది. లెక్కల్లో పద్దెనిమిది. ఇంగ్లీషులో ముప్ఫై తొమ్మిది. ముప్ఫై అయిదు వస్తే చాలు.

ప్రిన్సిపాల్‌గారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అబ్బో! నువ్వా!" అన్నాడు. ఆ మాటలో ఐరనీ లేదు. మాస్టారికి చూపిస్తే ఆయన ఎడమచేత్తో కాగితం పట్టుకుని, కుడిచేతిని నా భుజం మీద పెట్టారు. భుజం కూడా అదిరింది.

"నీ ఉద్యోగం పోయిందే," అన్నారు.

"పోతే పోయింది సార్. ఒక కీలు కలిసిందిగా."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అక్కడే చెప్పారు. కాళ్ళు కూడా సహకరించక మానేసేదాకా. బోర్డు మీద రాసిరాసి నా చేతిరాత కుదిరింది. ఆ రాతే నాకు కూడు పెడుతోంది. దుకాణాల బోర్డులు, లారీలు, గోడలు, అన్నీ ఆయన నిలబెట్టమన్న అక్షరాలే. పేటకి పనిమీద పోయినప్పుడల్లా ఆయన్ని చూసేవాణ్ణి. ఒకసారి, చాలా ఏళ్ళకి, మామూలుగా అడిగారు.

"ఆ బస్సు కిటికీ వాక్యం ఎవరు రాశారో కనుక్కున్నావా?"

నోటిదాకా వచ్చింది. "లేదు సార్," అన్నాను.

"కనుక్కో. బాగా రాశాడు."

అదండీ నేను దాచింది. ఆయన మొహాన ఆడిన అబద్ధం. ఆయన నమ్మారో లేదో మొహం చూసి చెప్పొచ్చు కదా, నేను అప్పుడు కూడా చీమలే చూశాను.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నం పేటలో దిగాను. రంగుడబ్బా, రెండు కుంచెలు సంచీలో ఉన్నాయి. బస్టాండు నుంచి వాళ్ళింటికి నడిచే దూరమే. చేరాక లోపలికి పోకుండా గేటు ముందు అటూ ఇటూ రెండుసార్లు పోయాను. లోపల అరుగు మీద సున్నం వేసిన చెక్క సిలువ గోడకి ఆనించి ఉంది. అమ్మగారు బయటికొచ్చారు. చిన్న మనిషి, తెల్ల చీర.

"మీరేనా బాబూ, బస్సు కిటికీ?"

చేతిలో సంచీ కింద పెట్టాను.

"ఇంట్లో మీ పేరదే. మా పిల్లలకి మీ అసలు పేరు ఇప్పటికీ తెలీదు. మీరు బోర్డు మీద అది రాసిన రోజే వచ్చి చెప్పారు. 'రెండేళ్ళ నుంచి దాస్తున్నానే, ఒక్క ముక్కలో పట్టేశాడు. ఎడమచేత్తో రాశాడు, ఆ వేళ్ళకి సుద్ద ఇంకా అంటుకునే ఉంది. వాడికి ఇంగ్లీషు వస్తుంది చూడు' అన్నారు. చెప్పిచెప్పి నవ్వారు." ఆగి అన్నారు, "నవ్వారు గానీ, అన్నం వదిలేశారు ఆ పూట."

"అమ్మగారూ, నేను చెప్పాలనే..."

"ఆయన కూడా చూశారు, చెప్తాడేమోనని. ఓసారి మిమ్మల్ని అడిగి కూడా చూశారంటగా? 'భయపడుతున్నాడే, వదిలెయ్' అనేవారు. సర్లెండి. రంగు తెచ్చుకున్నారా? 'నా సిలువ మీద రాత వాడే రాయాలి' అని ఎన్నోసార్లు చెప్పారు. అందుకే కబురు చేశా."

పేరు, పుట్టిన తేదీ, చివర 'ప్రభువునందు నిద్రించారు' అని ఓ చీటీ ఇచ్చారు. నేను చీటీ పట్టుకుని నిలబడ్డాను.

"సారు ఇది ఒప్పుకుంటారంటారా అమ్మగారూ? మాట మీద గుడ్డ కప్పొద్దనేవారు."

"అందరికీ అలాగే చెప్పేవారు. వాళ్ళమ్మ పోయిననాడు మాత్రం 'నిద్రపోయిందే, లేపకండి' అని మా నోరు మూయించారు. రాయండి."

అరుగు మీద కూర్చుని రాశాను. నల్లగా, నిటారుగా, ఒక్కొక్క అక్షరం నిలబెడుతూ. ఎండ తగ్గింది. చివరి అక్షరం దగ్గర అమ్మగారు టీ తెచ్చారు. గ్లాసు అందించాక చూసుకుని గబుక్కున అన్నారు.

"అయ్యో, సగమే పోశా. చెయ్యి అలవాటు. ఉండండి, ఇంకాస్త పోసుకొస్తా."

"చాలమ్మగారూ. ఇదే చాలు."

నిచ్చెన మీద ఒంటికాలితో నిలబడి గీత గీసినా దారం పట్టినట్టు వస్తుంది నాకు. అలాంటి చేత్తో సగం గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తడి ఆరని అక్షరాల పక్కన, అరుగు మీద, టీ చుక్కలు ఒకటొకటే పడుతున్నాయి.